గాలి తగలాల్సిన పెట్టె

లారీల షెడ్డులో అతన్ని అందరూ చిటపట అనేవారు. వెనకాలే లెండి, ముఖం మీద అనే ధైర్యం ఎవరికుంది? లారీల్లో వైర్లు, సెన్సర్లు, కంప్యూటర్ పెట్టెలు బాగుచేయడం అతని పని. పనికి వంక పెట్టలేం. నోటితోనే వచ్చింది చిక్కంతా. స్పానర్ ఎక్కడుందని అడిగితే అరుపు. టీ చల్లారిందంటే అరుపు. "బాగున్నావా" అని పలకరిస్తే, "బాగుండక చచ్చానా" అని మరో అరుపు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఇతని విషయంలో ఊరే సర్దుకుపోయింది.

సర్దుకుపోవడం అందరికీ నేర్పింది వాళ్ళక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. లారీ సీట్లకు కవర్లు కుట్టి కుట్టి, ఆ సంపాదనతోనే అతన్ని పనిలో నిలబెట్టింది. ఎవరైనా చాడీ మోసుకొస్తే, "వాడికి నోరే చెడ్డది, మనసు వెన్న" అనేది. వెన్న సంగతి ఆవిడకే తెలియాలి. మిగతావాళ్ళకు అందింది కారమే.

బావ సొంత లారీ నడిపేవాడు. ఆ రకం లారీలకు పుట్టుకతోనే ఒక రోగం ఉంది. డీజిల్ ఎప్పుడు, ఎంత చిమ్మాలో పంపుకు చెప్పే చిన్న పెట్టె ఒకటుంటుంది. తయారుచేసిన మహానుభావులు దాన్ని తీసుకెళ్ళి మరిగే ఇంజను ఒళ్ళోనే, ఆ పంపుకే బిగించారు. బరువుతో ఎత్తు ఎక్కుతుంటే పెట్టె కాగిపోయి మతి తప్పేది. ఇంజను దగ్గనైనా దగ్గకుండా ఆగిపోయేది. చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ లేచేది. డ్రైవర్లు దాని మీద తడిగోనె కప్పి, రోడ్డు పక్కన కూర్చుని, పుట్టించినవాణ్ణీ బిగించినవాణ్ణీ కలిపి తిట్టుకునేవారు. చిటపటకైతే ఆ పెట్టె కంటబడితే చాలు, అరికాలి మంట నెత్తికెక్కేది. "దీన్ని ఇక్కడ బిగించినవాణ్ణి పట్టుకొచ్చి ఈ ఇంజను మీదే కూర్చోబెట్టాలి" అనేవాడు.

తిట్టి ఊరుకోలేదు, అదీ చెప్పుకోవాలి. పెట్టెను ఊడదీసి, వైర్లు పొడిగించి, రెక్కలున్న మందపాటి అల్యూమినియం పలక మీద బిగించి, దాన్ని తీసుకెళ్ళి ముందు బంపర్ వెనక గాలి కొట్టేచోట అమర్చేవాడు. పెట్టె వేడిని పలక లాక్కునేది, పలకను గాలి చల్లబరిచేది. అలా చేసిన లారీ ఒక్కటీ దారిలో ఆగలేదు. బావ లారీకీ అలాగే చేశాడు.

ఆ రోజు బావ వంగి చూసి, "అంత బయటికి పెట్టావు, దుమ్ము పడదూ?" అని అడిగాడు. పొద్దున్నుంచి అదే మాట అప్పటికే ఇద్దరు అడిగి తిట్లు తిన్నారు.

"పడుతుంది. పడితే నీకేంటి? అది సున్నితమైన సరుకు. దాని జోలికెళ్ళకు. పాడుచేసుకుని వచ్చావంటే నన్నడక్కు."

"అది కాదు, అక్కడే ఎందుకని..."

"చెబితే నీకు ఎక్కుతుందా బావా? నువ్వు స్టీరింగ్ పట్టుకో, చాలు."

బావ ఇంకేం అడగలేదు. చలికాలమంతా లారీ చక్కగా తిరిగింది. ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం, సిమెంటు బస్తాలతో ఎత్తు ఎక్కుతూ సగంలో ఆగిపోయింది. వెనక్కి జారి అడ్డగోడకు గుద్దుకుంది. తలుపుకూ గోడకూ మధ్య బావ చెయ్యి నలిగిపోయింది. ప్రాణం దక్కిందిగానీ, ఆ వేళ్ళు ఇక ముడుచుకోవని, స్టీరింగ్ సంగతి మర్చిపొమ్మని డాక్టరు చెప్పాడు.

ఆసుపత్రి వరండాలో అక్క తమ్ముణ్ణి చూసి ఏడవలేదు. "ఉన్నచోట ఉండనివ్వక దాన్ని నువ్వే కెలికావు. ఆయన చెయ్యి పోయింది. ఇక నా గడప తొక్కకు" అంది. తల్లిలాంటి మనిషి పొమ్మంటే ఎక్కడికి పోవాలో అతనికి తోచలేదు.

బావను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడు, దెబ్బతిన్న లారీని నిలిపిన యార్డుకు వెళ్ళాడు. తను బిగించినదాంట్లో తప్పేముందో చూడకుండా ఉండలేకపోయాడు. బంపర్ వెనక చెయ్యి పెడితే పలక తగల్లేదు, మెత్తగా రెక్సిన్ తగిలింది. లాగి చూశాడు. పలకనూ పెట్టెనూ కలిపి, గాలి చొరబడే సందు లేకుండా తొడిగిన కవరు. లోపల మందంగా నూలు అస్తరు, అంచులకు రెండు వరసల కుట్టు, బిగించి కట్టిన నాడాలు. దాని కింద పెట్టె ఉడికిపోయి, మూత వంకర తిరిగి ఉంది. ఆ కుట్టు ఎవరిదో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు ఆ చేతి కుట్టున్న చొక్కాలే తొడుక్కున్నాడు.

ఒళ్ళు భగ్గుమంది. తప్పు తనది కాదు! కవరు గుప్పిట్లో పట్టుకుని, వద్దన్న గడప తొక్కి, దాన్ని కుట్టుమిషను మీదికి విసిరికొట్టాడు.

"చూడు ఎవరు కెలికారో. చల్లగా ఉండాలని నేను బయటపెడితే నువ్వు దుప్పటి కప్పావు. బావ చెయ్యి పోగొట్టింది నేను కాదు, నువ్వు."

అక్క కవరును ఒళ్ళోకి తీసుకుని అంచు తడిమింది.

"సున్నితమైన సరుకన్నావట కదరా," అంది. "దుమ్ము పడుతుందన్నావట. పాడైతే నిన్నడగొద్దన్నావట. పాడవకూడదనే కుట్టాను. సందు ఉండిపోయిందని ఒకసారి విప్పి మళ్ళీ కుట్టాను."

"కుట్టేముందు నన్నొక్క మాట అడగొచ్చు కదా!"

"అడిగాను," అన్నాడు మంచం మీంచి బావ. "అక్కడెందుకు పెట్టావని అడిగాను. చెబితే నాకు ఎక్కదన్నావు. కవరు తొడిగాక నీకు చూపిద్దామని షెడ్డుకు కూడా వచ్చాను. నువ్వు లోపల ఎవణ్ణో తిడుతున్నావు, గేటు దాకా వినబడుతోంది. మనకెందుకొచ్చిన గొడవలే అని లారీ తిప్పుకుని వెళ్ళిపోయాను."

చిటపట గది నాలుగు మూలలూ చూశాడు. కోపం అలాగే ఉంది, గొంతు దాకా ఉంది. అరవడానికి మనిషే దొరకలేదు.

"ఇప్పుడు చెప్పు," అంది అక్క. "ఎందుకు పెట్టావక్కడ?"

అతను గోడ వైపు తిరిగి చెప్పాడు. "అది వేడెక్కకూడదు. గాలి తగలాలి. దాని మీద ఏదీ కప్పకూడదు."

బావ కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో ఒళ్ళోకి తీసుకున్నాడు. ఇంకా ఏదో ఉందేమోనని కాసేపు అతని వంకే చూశాడు.

"అంతేనా?" అన్నాడు.