పేజీ తెరవగానే దారి మళ్లిన లింకులు

గల్లీకో ఇంటర్నెట్ సెంటర్ తెరిచిన రోజులవి. ధూల్‌పేట్‌లో గణపతులు చేసే బాపుకు నేను వెబ్‌సైట్ తయారుచేశాను. వందకు పైగా బొమ్మలు, ఏది నొక్కితే దాని వివరాల పేజీ తెరుచుకునేలా ప్రతిదానికీ లింకు సరిచేయాలి.

"ఫికర్ చెయ్యకు. జావాస్క్రిప్టు రాసిస్త, పేజీ తెరవంగనే లింకులన్నీ వాటంతటవే సెట్ అయితయ్" అన్నాడు నా దోస్తు శీను. ప్రారంభం రోజు పొద్దున వాడిచ్చిన ఫైలును చదవకుండానే పెట్టేశాను.

బాపు మానిటర్ ముందు కొబ్బరికాయ కొట్టి, బస్తీ అంతా చూస్తుండగా ఒక బొమ్మ మీద నొక్కాడు. గణపతులే అమ్మే శీను మేనమామ దుకాణం పేజీ వచ్చింది. ఏది నొక్కినా అదే!

"ఏంది బిడ్డా, నా గణపతిని ముట్టుకుంటే గాయన దుకాణం తెరుచుకుంటున్నది?"

శీను మోసం చూపిద్దామని స్క్రిప్టు తెరిచి, ఇంగ్లిషు వచ్చిన బాపు కోడలిని అందరికీ వినబడేలా చదవమన్నాను. పైన, రాసినవారి పేరు ఉండేచోట, శీను నా పేరు పెట్టాడు.

లింకులు తిప్పుకున్నందుకు వాణ్ణి ఎప్పుడో క్షమించాను. నా పేరు పెట్టినందుకు మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.