ఆర్పని బల్బు

గీదం నుంచి బీజాపూర్ వెళ్లే బస్సులో నా ఒళ్లో కొత్త స్మార్ట్ మీటరు ఉంది. అవి బిగించడమే నా పని. పక్క సీటు ముసలామె దాన్ని పామును చూసినట్టు చూసింది.

"ఏంది బిడ్డా అది? మా ఊళ్లె గూడ పెడుతున్నరు."

"కరెంటు ఎంత కాలిందో ఆఫీసుకు అదే చెబుతుంది అవ్వా."

"ఇప్పపూలు ఏరే కాలంల ఇంటిల్లిపాది అడవిలనే ఉంటం. ఇంట్ల ఎవ్వరు లేరని గూడ చెప్తదా?"

"ఆఫీసువాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు."

"ఆ బిజిలీ ఆఫీసుల ఎవరెవరు కూసుంటరు?"

నాకు తెలియదు. ఆమె తన బుట్టను నాకు దూరంగా జరుపుకుంది.

ఇప్పుడు మా ఇంటికీ అదే మీటరు. ఇంటిల్లిపాదీ ఊరికెళ్లేటప్పుడు ఒక బల్బు వెలిగించే వెళ్తాను. తిరిగొచ్చాక నా భార్య అడిగితే, ఆర్పడం మరిచిపోయానంటాను.