గొడుగు మొన

డెబ్బైల మొదట్లో చోడవరంలో మేం అద్దెకున్న ఇంటి యజమాని చేతిలో ఎప్పుడూ ఒక గొడుగుండేది. దాన్ని ఆయన విప్పేది తక్కువ, పక్కవాళ్ళకి పనులు చూపించేది ఎక్కువ.

పెరట్లో ఒక పాత టీపెట్టెలో వానపాముల్ని పెంచి ఎరువు తయారు చేస్తున్నానని ఊరంతా చెప్పుకునేవాడు. చేసేది ఆయన భార్య. అరటి మొదళ్ళలో తవ్వి వాటిని ఏరి తెచ్చిందీ, కూరగాయ తొక్కలూ పేడా వేసి తడి ఆరకుండా చూసిందీ, ఆ ఎరువుతో ఆనపపాదు కాయించిందీ ఆవిడే. ఆయన పంచె అంచు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దూరం నుంచి గొడుగు మొనతో చూపించేవాడు.

ఒకసారి వ్యవసాయాఫీసరు చూడ్డానికొస్తానన్నాడు. ఆవేళ పొద్దున్నే ఇంటాయన సీసాడు ఫినాయిలు తెచ్చి పెట్టెలో గుమ్మరించేశాడు. ఆవిడ నూతి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చేసరికి సీసా ఖాళీ.

"పెద్దమనిషి వస్తన్నాడు. కంపు కొడితే మన పరువేటవుతాది?" అన్నాడు.

ఆఫీసరు ముందు ఉపన్యాసమిస్తూ గొడుగు మొనతో ఎరువు కెలికాడు. పాలిపోయిన వానపాములు పైకి తేలాయి. ఒక్కటీ కదల్లేదు.

"పగలు నిద్రపోతాయండి ఇవి," అన్నాడు తడుముకోకుండా. ఆ మహానుభావుడు అదీ పుస్తకంలో రాసుకుని, కాఫీ తాగి వెళ్ళాడు.

ఆవిడ పెట్టె ముందు కూచుని ఎరువంతా చేత్తో తిరగేసింది.

"ఒక్కటైనా బతికుందేటి?" అనడిగాడు అరుగు మీంచి.

"నిద్రపోతన్నాయన్నారు కదా," అంది తలెత్తకుండా. "సెయ్యెట్టి లేపండి."

ఎండా లేదు, వానా లేదు. ఆయన గొడుగు విప్పుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.