బావతో నొక్కించిన బ్లాగు

కొంప మునగాలంటే వాన రావాలి, వరద రావాలి అనుకుంటున్నారా? నా కొంపకు ఒక్క మౌసు నొక్కు సరిపోయింది. అదీ నేను నొక్కలేదు. కొబ్బరికాయ కొట్టించి మరీ మా బావతో నొక్కించాను.

ఐటీ ఊపు మీదున్న రోజులవి. చేవెళ్లలో మా ఇనుప సామాన్ల దుకాణంలో మేకులు తూస్తూ కూడా బ్లాగు గురించే కలలు కనేవాడిని. రాయడానికి సరుకు బోలెడు. అంతకు మూడేళ్ల కింద బావ చెల్లెలు సుజాత పెళ్లిలో నన్ను మూడో బంతి భోజనానికి కూర్చోబెట్టారు. పెళ్లికూతురి వదినకు సొంత తమ్ముడిని! భక్ష్యాలు నా విస్తరి దాకా రానేలేదు. కూర్చోబెట్టింది బావే. ఆ రోజు నేనన్న మాటలకు ఆయన మా గడప తొక్కడం మానేశాడు. అక్కనూ పంపలేదు.

ఆ అవమానం మీద నలభై పేజీలు రాశాను. వారానికో భాగం పెట్టాలా, ఒకేసారి కుమ్మరించాలా? లింకు ఎవరెవరికి పంపాలి? నెల రోజులు ఆలోచించి, ఒకేసారి కుమ్మరించాలని తేల్చాను. జాగ్రత్త కూడా పడ్డాను సుమా! బావ పేరు తీసేసి 'బట్టతల పెద్దమనిషి' అని పెట్టాను.

విషయం అమ్మ చెవిన పడింది.

"ఏం మొదలు పెడుతున్నవ్ రా?"

"ఇంటర్నెట్ల నా రాతలు. లోకమంత చదువుతది."

"అల్లుడు కొబ్బరికాయ కొట్టకుంట మనింట్ల ఏది మొదలైంది? నేను పోయి బతిమాలి తోల్కొస్త. గీ సాకుతోనన్న నా బిడ్డ ఇంటికొస్తది."

అమ్మ కళ్లలో నీళ్లు. రాసింది ఆపేద్దామంటే నా మొండితనం ఒప్పుకోలేదు. బావ నొక్కితే బ్లాగు పేరు ఒక్కటే కనిపిస్తుందిలే, ఆయన మిఠాయి తిని వెళ్లిపోతాడులే అనుకున్నాను.

మొయినాబాద్ ఇంటర్నెట్ సెంటర్లో కంప్యూటరుకు బొట్టు పెట్టాం. బావ ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. మూడేళ్ల తర్వాత అక్క అమ్మను పట్టుకుని ఏడ్చింది. బావ కాయ కొట్టి, మౌసు నొక్కాడు. బట్టల దుకాణంలో విప్పిన తానులా నలభై పేజీలూ జరజరా పరుచుకున్నాయి.

బావ జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. "బామ్మర్ది, నేనే చదువుత. పదిమంది ఇనాలె."

"వద్దు బావా, కండ్లు నొస్తయ్!"

"నువ్వు జర ఊకో."

చదివాడు, గొంతెత్తి. కాలేజీ పిల్లలు పక్క కంప్యూటర్లు వదిలి మూగారు. మూడో పేజీకి బావ పళ్లు కొరికాడు.

"ఎవడ్రా గీ బట్టతలోడు? మా బామ్మర్దికి భక్ష్యం పెట్టడా? నా ముంగటికి తే, వాని సంగతి చెప్త!"

"ఇడిసెయ్ బావా, పాపం మంచోడే..."

అక్క తెర వైపు వంగి చూసింది. "అయ్యో, గిది మన సుజాత పెండ్లే గదా!"

అంతే. పిల్లలందరూ ఒక్కసారిగా బావ తల వైపు చూశారు. బావ చెయ్యి మెల్లగా నెత్తి మీదికి వెళ్లింది. అమ్మ అక్క కొంగు గట్టిగా పట్టుకుంది.

"ఎన్ని పేజీలు?" అన్నాడు.

"నలభై, బావా."

"భక్ష్యాలకే నలభయ్యా? నీ మీద నాకున్న కోపం నూరు పేజీలకు తక్కువ గాదు. గీ డబ్బాల నాకు గూడ ఒకటి తెరువు!"

ఆ కుర్చీలోంచి లేస్తే ఒట్టు! అప్పటి నుంచి ప్రతి ఆదివారం అక్కను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. నేను చిన్నప్పుడు చేసిన వెధవ పనులన్నీ అమ్మ దగ్గర రాసుకోవడానికి. అమ్మ సంతోషంగా భక్ష్యాలు వడ్డిస్తూ ఒక్కొక్కటీ చెప్పేది. మొయినాబాద్ బస్టాపులో పిల్లలు నన్ను ఆపి, "అన్నా, మీ బావ కొత్త భాగం ఎప్పుడు?" అని అడిగేవారు. నా నలభై పేజీల గురించి ఒక్కడు అడిగితేనా!

అందుకే కుడిచెయ్యి మౌసు మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. చుట్టాల మీద ఇంటర్నెట్లో ఇక ఒక్క ముక్క రాయను. బావ పదకొండో భాగంలో నేను భక్ష్యం కోసం ఏడ్చానని రాశాడు. ఏడవలేదు. అది మాత్రం ఒక ఆరు పేజీల్లో ఖండించి, ఆ తర్వాత మానేస్తాను.