తప్పిపోయిన గొర్రె

కాగజ్‌నగర్ వెళ్లే రైల్లో నాకు కుదురు లేదు. బైబిలు కాలేజీలో నాది చివరి ఏడు. మర్నాడు ఆసిఫాబాద్ దగ్గర ఒక పల్లె సంఘంలో ప్రసంగించాలి. అక్కడి పాస్టరుగారి రిపోర్టు బాగుంటేనే నాకు పాస్టరుగా అభిషేకం. ఏసు చెప్పిన తప్పిపోయిన గొర్రె కథ మీద గుంటూరులోనే పన్నెండు పేజీలు రాసుకున్నాను. అయినా కొట్టేయడం, మళ్లీ రాయడం, లేచి తలుపు దాకా వెళ్లి రావడం.

ఎదుటి సీట్లో ఉన్న పెద్దావిడ చూసి చూసి అడిగింది. "గంత పరేషాన్ ఎందుకు బిడ్డా?"

సంగతి చెప్పాను. ఆమెదీ ఆ పక్క ఊరి సంఘమేనట.

"మా దిక్కు అయ్యగారు వాక్యం చెప్పినంక విన్నోళ్లల్ల ఒకలు లేచి మల్ల చెప్పాలె. మంచంల ఉన్న ముసలోళ్ల ఇండ్లకు వోయి గదే చెప్తం."

"ఎవరికీ గుర్తులేకపోతే?"

"అయ్యగారే మల్ల మొదలువెట్టాలె. తప్పు చెప్పినోళ్లదే గద!"

నాకు ఒళ్లు మండింది. "అయితే వినండమ్మా" అని మొత్తం చదివేశాను. ఆమె కళ్లు మూసుకుని శ్రద్ధగా విన్నది. తర్వాత వేళ్లు ముడుస్తూ తిరిగి చెప్పబోయి ఆగిపోయింది.

"గొర్రె తప్పిపోయిందన్నవ్. ఇంతకు గది దొరికిందా, లేదా?"

చిరాగ్గా కాగితాలు తిరగేశాను. గ్రీకు మాటలకు అర్థాలున్నాయి. పండితుల అభిప్రాయాలున్నాయి. పన్నెండు పేజీల్లో ఎక్కడా గొర్రె దొరకలేదు.