పాడుబావి వైపు డబ్బా చప్పుడు

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. తోటలో ఫలానా చెట్టు కింద ఎవరో తెల్లగా కనిపించారని కూలీలు చెప్పుకుంటుంటే, ఎండదెబ్బ తగిలిందేమో మజ్జిగ తాగమనేదాన్ని. ఇది చదివి మీరు నన్నూ అలాగే అనుకుంటే తప్పు పట్టను. నేనూ చాలాసార్లు అలాగే సరిపెట్టుకోవాలని చూశాను.

మాకు రెడ్డిగూడెం దగ్గర మామిడితోట ఉంది. మా ఆయన తోట చూసుకుంటారు. నేను ఇంట్లో కూర్చుని జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి అనువాదాలు చేస్తుంటాను. హైదరాబాదులో చదువుకునేటప్పుడు నేర్చుకున్న భాష అది. మామూలుగా మిషన్ల మాన్యువల్స్ వస్తాయి. ఆ వేసవిలో మాత్రం కొండలెక్కేవాళ్ళకి భద్రత గురించి ఇచ్చే శిక్షణలో వాడే పదాల పట్టిక, వివరణలతో సహా వచ్చింది. తాళ్ళు, కొక్కేలు, మంచు విరుచుకుపడటం, దెబ్బ తగిలినవాళ్ళని కిందికి దించడం. నేను మంచుని చూసింది ఫ్రిజ్‌లోనే.

పేరాలు అనువదించడం కన్నా పదాలు అనువదించడం కష్టం. జర్మన్‌లో మూడు మాటలు అతుక్కుని ఒక మాటవుతాయి. విడదీస్తే ఇంగ్లీషులో ఒక వాక్యం తేలుతుంది. వాళ్ళకేమో ఒక్క మాటే కావాలి. ‘కమెరాడెన్‌రెట్టుంగ్’ అని ఒకటుంది. రెస్క్యూ టీమ్ వచ్చేలోపు పక్కనున్నవాళ్ళే తోటిమనిషిని కాపాడుకోవడం అని అర్థం. కంపానియన్ రెస్క్యూ అని పెట్టాను. నాకు పని పంపే ఏజెన్సీ అమ్మాయి బాలేదు మార్చమంది. మార్చాను. తర్వాత మళ్ళీ ముందుదే పెట్టమంది. అదీ పెట్టాను. అప్పటికి నాకు ఏ మాటయినా ఒకటే అనిపించసాగింది. మెడ పట్టేసింది. కళ్ళు మండేవి. కోతల రోజులు కదా, పొద్దున్నే లేచి కూలీలకి టీలు పెట్టి, వంట చేసి, ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని.

ఆ రోజు మా ఆయన కలెక్టరు రకం కాయల లోడుతో నున్న మామిడి మార్కెట్‌కి వెళ్ళారు. కోతకి సెలవు. తోటలో కాపలా సాంబయ్య ఒక్కడే ఉన్నాడు. అరవై దాటిన మనిషి. కోతులొస్తే పాత నూనెడబ్బా మీద కర్రతో బాదుతూ తరిమేస్తాడు. అతని భార్య లక్ష్మి చాట్రాయిలో చుట్టాల పెళ్ళికి వెళ్ళింది.

మధ్యాహ్నం భోజనం చేసి, ఆపదలో చేసే సంకేతాల భాగం మొదలుపెట్టాను. కొండల్లో చిక్కుకుపోయిన మనిషి నిమిషంలో ఆరుసార్లు ఈలయినా వెయ్యాలి, చప్పుడయినా చెయ్యాలి. ఒక నిమిషం ఆగాలి. మళ్ళీ ఆరు. విన్నవాళ్ళు నిమిషానికి మూడుసార్లు బదులివ్వాలి. విన్నాం, వస్తున్నాం అని దానర్థం.

బయట డబ్బా చప్పుడయింది. కోతులొచ్చాయనుకున్నాను.

కానీ సాంబయ్య డబ్బా కొడితే చెవులు పగిలిపోవాలి. అరుస్తూ, తిడుతూ, ఎలా పడితే అలా కొడతాడు. ఇది అలా లేదు. ఒక్కో దెబ్బా ఎడం ఎడంగా పడుతోంది. ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాను. ఆరు.

చదువుతున్నదే వినిపిస్తోందనుకున్నాను. అంత అలసటలో ఏదైనా వినిపిస్తుంది. లేచి కిటికీ మూశాను. ఫ్యాన్ చప్పుడులోంచి కూడా వినిపిస్తూనే ఉంది. మర్నాటికి పని పంపాలి. చివరికి చిరాకేసి, ఆ డబ్బా కాసేపు ఆపమని చెబుదామని చెప్పులేసుకుని బయల్దేరాను.

సాంబయ్య పాకలో లేడు. డబ్బా వేపకొమ్మకి వేలాడుతోంది. కర్ర అందులోనే ఉంది. నేను దాన్ని చూస్తూ నిలబడ్డప్పుడే చప్పుడు మళ్ళీ వినిపించింది. ఈసారి పక్కతోటలో పాడుబావి ఉన్న వైపు నుంచి.

భయం వేసిందని చెప్పలేను. కాళ్ళు అటు నడిచాయి, అంతే. కంచె దాటాక చప్పుడు ఆగిపోయింది.

బోర్లు వచ్చాక ఎండిపోయిన ఆ బావిని ఎవరూ వాడటం లేదు. పైన ముళ్ళకంప పరిచారు. ఆ కంప ఒక పక్క విరిగి లోపలికి కుంగి ఉంది. నేలమీద పడుకుని తొంగిచూశాను. ముందు ఎర్ర తువ్వాలు కనిపించింది. తర్వాత మనిషి. “సాంబయ్యా!” అని ఎంత గట్టిగా పిలిచినా పలకలేదు. తల మాత్రం కొంచెం కదిలింది.

మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన ఊళ్ళోవాళ్ళకి చేశారు. నేను అంబులెన్స్‌కి చేశాను. ముందు ఊళ్ళోవాళ్ళే తాళ్ళు పట్టుకుని వచ్చారు. చంకల కింద తాడు కట్టి లాగేద్దామన్నారొకరు. “వద్దండీ, అలా వేలాడదీస్తే ప్రాణానికే ప్రమాదం. మంచం దించండి” అన్నాను. అన్ని రోజులుగా నేను అనువదిస్తున్నది అదే మరి. నులకమంచానికి నాలుగు మూలలా తాళ్ళు కట్టి దించారు. ఇద్దరు కిందికి దిగి అతన్ని దానిమీద పడుకోబెట్టి కట్టారు. నెమ్మదిగా పైకి లాగారు.

నూజివీడు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీశారు. రెండు చేతులూ విరిగాయి. ఒకటి భుజం దగ్గర, ఒకటి మణికట్టు దగ్గర. కాలు కూడా విరిగింది. ఇంకాస్త ఆలస్యమయితే ఆ ఎండకి బతికేవాడు కాదన్నారు డాక్టరుగారు.

రెండు చేతులూ విరిగిన మనిషి దేనిమీదైనా ఎలా కొడతాడు? ఆ ప్రశ్న అప్పుడే వచ్చింది కానీ పక్కన పెట్టేశాను. లక్ష్మి వచ్చి నా చేతులు పట్టుకుని ఏడుస్తోంది. ప్రశ్నలకి అది సమయం కాదు.

అతను మాట్లాడగలిగాక చూడటానికి వెళ్ళాను. కోతులవెంట పరిగెడుతూ కంపమీద కాలేశాడట. మొదట్లో అరిచాడట. కాసేపటికి గొంతు పోయిందట.

“చచ్చిపోతాననే అనుకున్నానమ్మా. ఇంతలో మీరు డబ్బా కొట్టారు” అన్నాడు.

“నేనా?”

“మీరేగా. మూడు కొట్టి ఆగారు. మళ్ళీ మూడు. ఎవరో విన్నారు, వచ్చేస్తున్నారు అనుకుని కళ్ళు మూతపడకుండా ప్రాణాలు ఉగ్గబట్టుకున్నాను.”

అప్పటికి నేను ఆ చప్పుడు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆరని గానీ, మూడని గానీ, మా ఆయనతో కూడా అనలేదు. నాకు వినిపించిన ఆరు దెబ్బల గురించి అడిగాను. కింద చప్పుడు చెయ్యడానికి చేతులేవమ్మా అన్నాడు.

ఆ తర్వాత నాకు చేతనైనంత విచారించాను. పక్కతోటలో కాయ అప్పటికే దింపేశారు, అక్కడ కాపలా లేదు. అవతలి తోటవాళ్ళూ ఆ పూట డబ్బా ముట్టుకోలేదన్నారు. ఆరు నా తలలోంచే వచ్చిందనుకుందాం. కొండల గురించి గానీ, సంకేతాల గురించి గానీ ఒక్క ముక్క తెలియని సాంబయ్యకి మూడు ఎక్కణ్ణించి వచ్చాయి?

పక్కతోటవాళ్ళు ఆ బావిని పూడ్చేశారు. సాంబయ్య ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. కాపలాకి రావద్దన్నా వస్తాడు.

మొన్నొక సాయంత్రం అరుగుమీద కూర్చుని టీ తాగుతుంటే ఉండబట్టలేక చెప్పేశాను. “సాంబయ్యా, ఆ రోజు డబ్బా కొట్టింది నేను కాదు.”

అతను నవ్వాడు. “మీరే కొట్టారమ్మా. పని హడావిడిలో మర్చిపోయుంటారు.”

కాదని వాదించే ఓపిక లేకపోయింది. “అంతేనేమో” అన్నాను. ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేశాను. ఆ రోజు నా చెయ్యి ఆ డబ్బాని తాకలేదు. అది మాత్రం నాకు బాగా గుర్తుంది.