టీచరమ్మ పట్టుకున్న సిలువ

పోయిన నెలలో ఒక రోజు ఈ అరబ్బు దేశంలో, షువైఖ్‌లోని మా వడ్రంగి షాపులో రంపం మిషను ఆపి చాయ్ తాగుతుంటే ఫోనులో కబురొచ్చింది. మా అమ్మాయి బడిలో నాటకాలు నేర్పే టీచరమ్మ ప్రభువునందు నిద్రించారని, దేహాన్ని ఏలూరు పంపుతున్నారని. ఆ చాయ్ అలాగే చల్లారిపోయింది. ఆవిడకు చెప్పాల్సిన మాట ఒకటి ఆరేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

ఆ బడి సాల్మియాలో పాత బిల్డింగులో నాలుగు గదులు. లాటిను, తర్కం, బైబిలు, కంఠస్థం అంటూ పాతకాలపు పద్ధతిలో చెప్పే క్రైస్తవ బడి. టీచరమ్మ అక్కడ నాటకమూ, నాటకాల చరిత్రా చెప్పేవారు. గ్రీకుల పాఠం రోజున పిల్లల్ని బిల్డింగు మెట్ల మీద వరసగా కూర్చోబెట్టి, తాను కింద నిలబడి మాట్లాడేవారు. పై మెట్టు మీద వాళ్లకు వినబడకపోతే మళ్లీ మొదటినుంచీ. డైలాగు చెప్పేముందు ప్రతివాళ్ల నోట్లో ఓ కరక్కాయ ముక్క. వగరుకి పిల్లలు మొహాలు ముడుచుకుంటే, ఇక గొంతు మీ మాట వింటుంది అనేవారు. "కదలకుండా నిలబడటం వస్తే సగం నాటకం వచ్చినట్టే" అన్నది ఆవిడ మాట. మా అమ్మాయి అన్నం దగ్గర కూడా దాన్ని ఆవిడ గొంతుతో చెప్పి వాళ్లమ్మని నవ్వించేది.

యూరప్‌లో పాత ఊళ్లవాళ్లు బైబిలు కథల్ని బండ్ల మీద ఆడిన కాలమంటే ఆవిడకి మహా ఇష్టం. ఎవరి పనికి తగ్గ ఘట్టం వాళ్లు వేసేవారట. ఓడలు కట్టేవాళ్లు నోవహు ఓడ, రొట్టెలు కాల్చేవాళ్లు ప్రభువు కడరాత్రి భోజనం. ప్రభువు పుట్టుక నుంచి తిరిగి లేచేదాకా ఆడే ఈస్టరు నాటకానికి మన పిల్లల తల్లిదండ్రులచేత అలాగే చేయిద్దామన్నారు. హోటల్లో వంటచేసే ఒకాయన రొట్టె ఒప్పుకున్నాడు. నగల షాపులో పనిచేసే ఆయనకి జ్ఞానులు తెచ్చిన బంగారం వచ్చింది. నన్ను సిలువ చేసి, దాన్ని నిలబెట్టే నలుగురిలో ఒకడిగా రమ్మన్నారు.

నాకసలే ముక్కు మీద కోపం. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. "ఒగరికి బంగారం, ఒగరికి రొట్టె. నాకేమో ప్రభువుకు మేకులు కొట్టే పనా టీచరమ్మా? వారమంతా కొట్టేది చాల్లేదా?" అన్నాను.

ఆవిడ నొచ్చుకోలేదు. "ఆ రోజుల్లో అది మేకులు చేసేవాళ్ల ఘట్టమండీ మేస్త్రిగారూ. మిమ్మల్ని తేలిగ్గా చూసి ఇవ్వలేదు. చేతకానివాళ్లు చేస్తే ఆ ఘట్టం నిలబడదు."

నేను వినలేదు. నాటకం వేసే శుక్రవారం ఓవర్‌టైం ఉందని అబద్ధం చెప్పి ఇంట్లో పడుకున్నాను.

సిలువ ఆవిడే చేసుకున్నారు, దజీజ్ గోడౌన్ల దగ్గర పారేసిన, సరుకు పేర్చే ప్యాలెట్ చెక్కలతో. మరుసటేడు నాటకం చూడటానికి వెళ్లాను. మేకులన్నీ వంకర. అడ్డచెక్క ఊగుతోంది. తెర వెనక నుంచి టీచరమ్మ వాచీ పెట్టుకున్న చెయ్యి ఒకటి దాన్ని పట్టుకుని ఉంది. నాటకం అయిపోయేదాకా ఆ చెయ్యి కదల్లేదు. నాకది అరగంట పని. అయినా బిగిస్తానని అడగలేదు. అడిగితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని నా బింకం. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే సిలువ, అదే చెయ్యి.

ఆవిడ కడసారి చూపుకి వెళ్లి ఇంటికొచ్చాక మా అమ్మాయి ఒక సంగతి చెప్పింది. ఇంకో రెండు మేకులు కొట్టి బిగిస్తామని పిల్లలంటే టీచరమ్మ వద్దన్నారట. "ఆ పని వచ్చినవారు ఉన్నారర్రా. ఆయన వచ్చేదాకా నేను పట్టుకుంటాలే" అన్నారట.

"ఇన్నాళ్లూ యాల చెప్పలేదు పాపా?"

"చెప్పొద్దన్న్యారు నాయనా. నీ అంతట నువ్వే రావాలంట."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంత చిన్న పనికి ఆరేళ్లు ఆవిణ్ణి నిలబెట్టాను.

మొన్న శుక్రవారం పనిముట్ల సంచీ తీసుకుని బడికి వెళ్లాను. సామాన్ల గదిలో సిలువ గోడకి ఆనించి ఉంది. సుత్తి, పట్టుకారు బయటికి తీశాను. ఆ వంకర మేకుల్లో ఒక్కటి పీకడానికి కూడా చేతులు రాలేదు. అడ్డచెక్క వెనక, ఆవిడ పట్టుకునే చోట, చెమటకి చెక్క నల్లబడి ఉంది. పనిముట్లు మళ్లీ సంచీలో పెట్టేశాను.

ఈ ఈస్టరుకి పిల్లలు నాటకం వేస్తున్నారు. అడ్డచెక్క ఎప్పటిలాగే ఊగుతుంది. తెర వెనక, ఆ నల్లబడిన చోట చెయ్యి వేసి, కదలకుండా నిలబడటం నేర్చుకుంటున్నాను.